రెండు చక్రాల రికార్డులు: మూడున్నర తాటిచెట్ల లోయ, మూడొందల వేగం

సైకిల్ టైరు రోడ్డును తాకే చోటు ఎంత? బొటనవేలి ముద్రంత! ముందు చక్రానికి ఒకటి, వెనక చక్రానికి ఒకటి. ఆ రెండు వేలిముద్రల మీదే డెబ్బై కిలోల మనిషి, ఏడు కిలోల సైకిలు గంటకు తొంభై కిలోమీటర్ల వేగంతో కొండ దిగుతాయి. కారుకు బంపరుంది, బెల్టుంది, గాలి సంచి ఉంది. సైకిలిస్టుకు ఒంటి మీద పలచటి జెర్సీ, నెత్తిన పావుకిలో హెల్మెట్టు. పడితే ముందు తగిలేది చర్మమే. అయినా నూటయాభై ఏళ్లుగా ఎక్కుతూనే ఉన్నారు. ఎంత వేగం, ఎంత లోతు, ఎంత దూరం? టేపు పట్టుకుని బయలుదేరదాం.

అన్నిటికన్నా వేగం: గంటకు 296 కిలోమీటర్లు! 2018 సెప్టెంబరులో అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పు మైదానంలో డెనిస్ ముల్లర్-కొరెనెక్ అందుకున్న వేగమిది. అప్పుడామె వయసు 45. విమానం రన్‌వే వదిలి లేచేది ఇంచుమించు ఈ వేగంతోనే. మన వందే భారత్ రైలు డిజైన్ వేగం కూడా 180 మాత్రమే. చిన్న కిటుకుంది లెండి. ముందో రేసు కారు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, దాని వెనక గూట్లో ఒదిగి తొక్కింది. మొదట కాసేపు ఆ కారే తాడు కట్టి లాగింది. తాడు వదిలాక మాత్రం పని చేసింది కాళ్లే.

ఎవరి వెనకా దాక్కోకుండా తొక్కితే? 144.17 కిలోమీటర్లు. 2016లో నెవాడాలోని బ్యాటిల్ మౌంటెన్ దగ్గర, మామూలు హైవే మీద, కెనడా వాడు టాడ్ రీచెర్ట్ సాధించాడు. చూస్తే అది సైకిలని ఎవరూ అనరు. పడుకుని తొక్కే యంత్రానికి కోడిగుడ్డు లాంటి పెంకు తొడిగారు. కిటికీ కూడా లేదు, లోపల చిన్న తెర మీద కెమెరా చూపించే రోడ్డును చూసుకుంటూ తొక్కాడు.

ఈ పిచ్చికి మూలపురుషుడు చార్లెస్ మర్ఫీ. 1899 జూన్ 30న న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్‌లో రైలు పట్టాల మధ్య చెక్కలు పరిపించి, పరుగెత్తే రైలు వెనక తొక్కాడు. మైలు దూరం 57.8 సెకన్లలో! అంటే గంటకు నూరు కిలోమీటర్లు. చివర్లో రైలు నెమ్మదించగానే మీదికొచ్చి గుద్దుకోబోతే, పెట్టె వెనక నిలబడ్డవాళ్లు రెక్కలు పట్టుకుని పైకి గుంజారు. సైకిలుతో సహా! ఆ రోజు నుంచి ఆయన పేరు 'నిమిషానికి మైలు మర్ఫీ'.

లోతుకు కిరీటం మాత్రం హాలండ్ వాడిదే. 1951 టూర్ డి ఫ్రాన్స్, అంటే ఫ్రాన్స్ అంతా చుట్టే సైకిల్ పందెం. అందరికన్నా ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ చరిత్రలో మొదటిసారి ఒక డచ్చివాడికి దక్కింది. పేరు విమ్ వాన్ ఎస్ట్. ఆ సంబరం ఒక్క రోజు నిలిచింది. మర్నాడు పిరనీస్ కొండల్లో ఓబీస్క్ కనుమ దిగుతూ మలుపు తప్పి లోయలో పడ్డాడు. లోతు 70 మీటర్లు. మూడున్నర తాటిచెట్లు! మన చార్మినార్‌ను ఆ లోయలో నిలబెడితే మినార్ల కొసలు కూడా రోడ్డుకు అందవు. పైనుంచి చూసినవాళ్లు ఇక లేడనుకున్నారు. కింద చూస్తే లేచి కూర్చుని ఉన్నాడు! తీసుకొచ్చిన తాడు చాలలేదు. జట్టు కారులో ఉన్న స్పేరు టైర్లు నలభై, ఒకదానికొకటి ముడేసి గొలుసు చేసి లాగారు. మనిషి పైకొచ్చాడు గానీ, సాగి సాగి టైర్లన్నీ పాడయ్యాయి. టైర్లు లేక జట్టు జట్టంతా పోటీ నుంచి తప్పుకుంది. కొసమెరుపేమిటంటే, ఆయన చేతికున్న గడియారం మాత్రం ఆగలేదు. ఆ గడియారం కంపెనీ వాళ్లు ఆయన గుండె ఆగినా తమ గడియారం ఆగలేదంటూ ప్రకటన వేసి అమ్ముకున్నారు. వ్యాపారమంటే అదీ!

కొండ ఎక్కితే చెమట, దిగితే చలి. శిఖరం మీద అభిమానులు అందించిన దినపత్రికను మడిచి జెర్సీ లోపల రొమ్ముకు ఆనించుకుని దిగడం పాతకాలపు పద్ధతి. కాగితం గాలిని ఆపుతుంది. ఏ కోటుకూ తీసిపోదు. వార్త పాతదా కొత్తదా అన్నది ఎవరికీ పట్టదు.

టూర్ డి ఫ్రాన్స్ అంటే రోడ్డు సైక్లింగ్‌లో అన్ని రికార్డులకూ పుట్టిల్లు. మొదటిది 1903లో. 2,428 కిలోమీటర్లు, ఆరు అంచెలు. అరవై మంది బయలుదేరితే 21 మంది మిగిలారు. గెలిచిన మోరిస్ గారిన్ ఒకప్పుడు ఇళ్ల పొగగొట్టాలు తుడిచినవాడు. రెండోవాడికీ ఆయనకూ తేడా దాదాపు మూడు గంటలు! మన లెక్కలో ఒక పెద్ద సినిమా ఇంటర్వెల్‌తో సహా చూసి రావచ్చు. అట్టడుగున నిలిచిన మియోషో గారిన్ కన్నా 64 గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఆయనా వచ్చాడు, అది ముఖ్యం.

అతి చిన్నవాడు, మరుసటి ఏడే. 1904లో మొదటి నాలుగు స్థానాల వాళ్లూ మోసాలకు పాల్పడ్డారని తేల్చి, గారిన్‌తో సహా అందరి పేర్లూ కొట్టేశారు. అయిదోవాడు హెన్రీ కోర్నె విజేత అయ్యాడు. వయసు 19! అతి పెద్దవాడు ఫిర్మిన్ లాంబో, 1922లో, 36 ఏళ్లు దాటాక.

అతి పొడవైన టూర్ 1926లో. 5,745 కిలోమీటర్లు. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా పోయే మన 44వ నంబరు రహదారికి దాదాపు ఒకటిన్నర రెట్లు. అంచెలు పదిహేడే. అంతకు ముందు కొన్నేళ్లపాటు ఒకే రోజు అంచె 482 కిలోమీటర్లుండేది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, కాలు కింద పెట్టకుండా వెనక్కి తిరిగి, నార్కెట్‌పల్లి దాటినంత! అర్ధరాత్రి బయలుదేరాలి. ఇప్పటి కుర్రాళ్లు మొత్తం మూడు వారాల్లో తొక్కేది 3,400 కిలోమీటర్ల దరిదాపు. కానీ సగటు వేగం చూడండి: యుద్ధంలో ఛిద్రమైన రోడ్ల మీద 1919లో గంటకు 24 కిలోమీటర్లు, ఇప్పుడు 42 పైన. ఆ 1919లో 67 మంది బయలుదేరితే పదకొండు మందే పారిస్ చేరారు.

ఇక మగవాళ్ల టూర్ డి ఫ్రాన్స్ తేడాల్లోకెల్లా చిన్న తేడా. 1989. మొత్తం దూరం 3,285 కిలోమీటర్లు. చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్లు, ఒక్కొక్కరే గడియారంతో పోటీ. ఫ్రాన్స్ వాడు లోరాన్ ఫిన్యో 50 సెకన్లు ముందున్నాడు. అమెరికన్ గ్రెగ్ లెమాండ్ గంటకు 54.5 కిలోమీటర్ల సగటుతో తొక్కి 58 సెకన్లు లాగేశాడు. ఎనిమిది సెకన్ల తేడాతో గెలుపు! సగటు వేగం లెక్కన రోడ్డు మీద 83 మీటర్లు. వీధి చివరి కిరాణా కొట్టు కూడా అంతకన్నా దూరంగా ఉంటుంది. రెండేళ్ల కిందట వేటలో పొరపాటున తుపాకీ దెబ్బ తిన్న మనిషి లెమాండ్. గెలిచిన రోజున కూడా ఒంట్లో సీసపు గుళ్లు ముప్ఫైకి పైగా ఉన్నాయి.

అంతకన్నా చిన్న తేడా స్పెయిన్ టూర్‌లో ఉంది: 1984లో ఆరు సెకన్లు. దాన్నీ 2024లో ఆడవాళ్ల టూర్ డి ఫ్రాన్స్ మింగేసింది. పోలండ్ అమ్మాయి కాషా నీవియాదోమా, డచ్చి అమ్మాయి డెమి వొలెరింగ్ మీద గెలిచింది నాలుగే నాలుగు సెకన్ల తేడాతో. ఎనిమిది అంచెలు, తొమ్మిది వందల చిల్లర కిలోమీటర్లు తొక్కాక! తుమ్మి ముక్కు తుడుచుకునే వ్యవధి. వొలెరింగ్ అయిదో అంచెలో గమ్యానికి ఆరు కిలోమీటర్ల దూరంలో జారిపడి పోగొట్టుకున్నది ఒక నిమిషం 47 సెకన్లు. రోడ్డు మీద తుంటి రాసుకున్న ఆ క్షణమే లేకపోతే? నాకైతే ఆ రోజు చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

అతి ఖరీదైన మరమ్మతు 1913 టూర్‌లో. టూర్‌మలే కనుమ దిగుతుంటే యూజీన్ క్రిస్టోఫ్ సైకిల్ ముందు ఫోర్కు పుటుక్కున విరిగింది. ఆ రోజుల్లో నియమం: ఎవరి బండి వాళ్లే బాగు చేసుకోవాలి. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి కింది ఊరు చేరాడు. కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని, ఇనుము కాల్చి, సాగగొట్టి, తనే అతికించాడు. అధికారులు పక్కనే నిలబడి కాపలా కాశారు. రెండు చేతులూ ఇనుముకే సరిపోతుంటే, ఏడేళ్ల పిల్లాడొకడు తిత్తి ఊదిపెట్టాడు. అంతే! బయటివాళ్ల సాయం తీసుకున్నాడని పది నిమిషాల జరిమానా. తర్వాత మూడు నిమిషాలకు తగ్గించారట, గొప్ప దయ. అప్పటికే పోయింది నాలుగు గంటలు.

అతి చల్లని గెలుపు కూడా ఆయనదే. 1910లో ఇటలీలోని మిలాన్-శాన్ రెమో పందెం. దాదాపు 290 కిలోమీటర్లు, దారంతా మంచు. అరవై మందికి పైగా బయలుదేరారు, గమ్యం ముట్టింది నలుగురే. క్రిస్టోఫ్ పన్నెండున్నర గంటలు తొక్కి గెలిచాడు. గెలిచి నెల రోజులు ఆస్పత్రిలో పడుకున్నాడు. దీనికి సాటి రాగలది 1980 బెల్జియంలో లియేజ్-బాస్టోన్-లియేజ్ పందెమే: 174 మందిలో 21 మంది మిగిలారు. బెర్నార్ హీనో తొమ్మిది నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు. ఆ చలికి రెండు వేళ్లలో పోయిన స్పర్శ మళ్లీ పూర్తిగా రాలేదు.

అతి గరుకు రోడ్డు? ఫ్రాన్స్ ఉత్తరాన పారిస్-రూబే. 1896లో పుట్టింది. దాదాపు 260 కిలోమీటర్లలో యాభైకి పైగా కిలోమీటర్లు నెపోలియన్ నాటివని చెప్పుకునే బండరాళ్ల బాటలు. మన పల్లెల్లో కంకర తోలి రోలరు తొక్కించడం మర్చిపోయిన రోడ్డును తలుచుకోండి. దానికి బురద కలపండి. గెలిస్తే ఇచ్చే బహుమతేమిటి? ఆ బాటలోంచి పెరికిన ఒక బండరాయి! ఆడవాళ్లకు ఈ పందెం పెట్టడానికి 125 ఏళ్లు పట్టింది. 2021 అక్టోబరులో వాన, బురద మధ్య లిజీ డెయిగ్నన్ చివరి 80 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచింది. చేతులకు తొడుగుల్లేవు. దిగాక చూస్తే హ్యాండిలుకు చుట్టిన పట్టీ మీద నెత్తురు మరకలు.

ఒంటరితనానికి రికార్డు ఆల్బేర్ బూర్లోఁది. 1947 టూర్‌లో గుంపును వదిలేసి 253 కిలోమీటర్లు ఒక్కడే ముందు తొక్కాడు, గెలిచాడు. ఇది ఎంత కష్టమో తెలియాలంటే గుంపులో ఎంత సుఖమో తెలియాలి. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ శాస్త్రవేత్తలు 121 మంది గుంపును లెక్క కట్టి చూశారు. నడిమధ్యలో ఉన్నవాడి మీద పడే గాలి ఒత్తిడి, ఒంటరివాడి మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమే! పెళ్లి ఊరేగింపులో మధ్యన నడిచినవాడిలా, తోసుకుంటూ తీసుకుపోతుంది గుంపు. రోడ్డు సైక్లింగ్‌లో ఇంతకన్నా పెద్ద ఆనందం ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ప్రమాదమూ అక్కడే ఉంది. చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు. 2021 టూర్ మొదటి రోజున రోడ్డు పక్క నిలబడ్డ ఒకావిడ తాతకూ అమ్మమ్మకూ శుభాకాంక్షలు రాసిన అట్టముక్క పట్టుకుని టీవీ కెమెరా వైపు తిరిగింది. గుంపు వైపు వీపు. అట్టకు ఒకడు తగిలాడు, వాడి మీద ఇంకొకడు, ఆపైన పేకమేడలా డజన్ల మంది. జరిమానా 1,200 యూరోలు. 1994లో ఇంకా విడ్డూరం: గమ్యం గీత దగ్గర కాపలా ఉన్న పోలీసే ఫోటో తీయబోయి ముందుకు వంగాడు. దూసుకొస్తున్న వాళ్లు ఆయన్ను ఢీకొని కుప్పకూలారు. 2011లో టీవీ కారు ఒకటి పక్కకు కోసి తగలడంతో జానీ హూగర్లాండ్ ముళ్లకంచెలో ఎగిరి పడ్డాడు. కుట్లు 33. మళ్లీ ఎక్కి ఆ అంచె పూర్తి చేశాడు, తర్వాతి అంచె కూడా తొక్కాడు.

తిండిపోతుల రికార్డు చూద్దాం. కొండల రోజున టూర్ రైడరు ఖర్చు చేసేది ఆరు వేల క్యాలరీల పైమాటే. ఇడ్లీకి యాభై వేసుకుంటే నూట ఇరవై ఇడ్లీలు! చట్నీ లెక్కలోకి తీసుకోలేదు.

ఎత్తు. టూర్ ఎక్కిన అతి ఎత్తైన రోడ్డు ఆల్ప్స్‌లోని బోనెట్, 2,802 మీటర్లు. తాటిచెట్టు మీద తాటిచెట్టు పెడితే 140. బాగానే ఉంది గానీ, మన లద్దాఖ్‌లోని ఉమ్లింగ్ లా ముందు అది గుట్ట. బోర్డర్ రోడ్స్ సంస్థ వేసిన ఆ రోడ్డు 5,798 మీటర్లు, దాదాపు 290 తాటిచెట్లు. 2021లో గిన్నిస్ వాళ్లు గుర్తించారు. ఎవరెస్టు దక్షిణపు బేస్‌క్యాంపు 5,364 మీటర్లే. అంటే ఎవరెస్టు ఎక్కబోయేవాడి గుడారం కన్నా ఎత్తులో తారురోడ్డు! అక్కడ గాలిలో ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే సగమే. ఒక పెడలు తిప్పేలోపు రెండుసార్లు ఊపిరి తీయాలి. అన్నట్టు, అదే లద్దాఖ్‌లో ఖర్దుంగ్ లా దగ్గర 18,380 అడుగులని బోర్డుండేది, దాని పక్కన ఫోటో దిగనివాడు లేడు. కొలిస్తే తేలింది 17,582. బోర్డు పొడవు ఎనిమిది వందల అడుగులన్న మాట.

నిలువుకు కిరీటం న్యూజిలాండ్ డునెడిన్‌లోని బాల్డ్‌విన్ వీధిది. వాలు 34.8 శాతం, మూడడుగులు ముందుకు పోతే అడుగు పైకి. 2019లో వేల్స్‌లోని హార్లెక్ ఊరి వీధి ఈ కిరీటం లాగేసుకుంది. కొలిచే పద్ధతి మీద గొడవపడి మరుసటి ఏడు బాల్డ్‌విన్ వాళ్లు మళ్లీ తెచ్చేసుకున్నారు. తిరుమల మోకాళ్ల పర్వతం మెట్లు ఎక్కిన మోకాళ్లకు ఈ తగాదా అర్థమవుతుంది.

ఎవరెస్టును సైకిల్ మీద ఎక్కిన తొలి మనిషి జార్జ్ మల్లొరీ. కంగారు పడకండి, 1924లో ఎవరెస్టు మీద చనిపోయిన ఆయన కాదు, ఆయన మనవడు. 1994లో మెల్‌బోర్న్ దగ్గర డొన్నా బువాంగ్ కొండను ఎనిమిదిసార్లు ఎక్కి దిగి, ఎవరెస్టంత ఎత్తు లెక్క సరిచేశాడు. మరుసటి ఏడు నిజం ఎవరెస్టే ఎక్కాడు. తాతగారి బాకీ తీరింది.

ఒక పేరా మాత్రం నెమ్మదిగా చదవాలి. టామ్ సింప్సన్, 1967 జూలై 13, మాంట్ వెంటూ కొండ, భరించలేని ఎండ. ఫాబియో కాసర్తెల్లి, 1995, పోర్తె దాస్పె కనుమ దిగుతూ. ఇద్దరూ టూర్‌లోనే పోయారు. ఆంద్రే కివిలెవ్ 2003లో పారిస్-నీస్ పందెంలో పడి పోయాడు, నెత్తిన హెల్మెట్టు లేదు. ఆ ఏడాది నుంచే పందేల్లో హెల్మెట్టు తప్పనిసరి అయింది. ఇక మన దేశం సంగతి. 2022లో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో సైకిలు తొక్కేవాళ్లు నాలుగు వేల పైన. రోజుకు పది మందికి పైనే. వాళ్లలో జెర్సీ వేసుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్క. పాల క్యాన్లు, కూరగాయల బుట్టలు, టిఫిన్ డబ్బాలు తగిలించుకుని డ్యూటీకి పోయేవాళ్లే ఎక్కువ.

మన రోడ్ల ప్రత్యేక రికార్డులు కొన్నున్నాయి, అవి గిన్నిస్‌కు ఎక్కవు. అతి జారుడు: కోతల కాలంలో తారురోడ్డు మీద ఆరబోసిన వడ్లు. ఫ్రాన్స్ బండరాళ్లను తట్టుకున్న మొనగాడైనా వడ్ల మీద బ్రేకు వేస్తే మోకాలి చిప్ప రోడ్డుకు అప్పజెప్పాల్సిందే. దానికి తోడు, వడ్ల మీదికి బళ్లు రాకుండా అంచున వరసగా పేర్చిన రాళ్లు! తెల్లవారుజామున అయిదింటికి ఆ రాయీ, తారూ ఒకే రంగు. నాకు ఎడమ మోచేతి మీద అరచేతి పొడవు మచ్చ ఉంది, ఆ రాళ్ల జ్ఞాపకం. వడ్లు కాపలా కాస్తున్న పెద్దాయన పరుగెత్తుకొచ్చి లేపి, "దెబ్బేం తగల్లేదు కదా అబ్బాయా" అని చెంబుతో నీళ్లు పోశాడు. ఆయన్ని ఏమీ అనడానికి నోరు రాలేదు. ఆరబెట్టుకోవడానికి ఆయనకు వేరే చోటుంటే రోడ్డు మీదికి ఎందుకొస్తాడు?

అతి చిన్న శత్రువు: తుమ్మముల్లు. లక్షల రూపాయల కార్బన్ సైకిలూ, అద్దెకు తెచ్చుకున్న పాత డొక్కూ దాని ముందు ఒకటే. పంక్చర్ షాపు ఆయన ట్యూబుకు గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, చేతుల మధ్య తిప్పుకుంటూ పోతాడు. ఒకచోట బుడబుడమని బుడగలు. అక్కడ గుర్తు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, నోటితో ఊది, ప్యాచ్ వేసి సుత్తితో తట్టి, మళ్లీ ముంచి చూస్తాడు. బుడగ రాదు. ఆ బుడగ రాని క్షణానికి ఎన్ని సెకన్ల టూరైనా ఇచ్చేస్తాను.

నీడకు కిరీటం హైదరాబాద్‌ది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాకు 23 కిలోమీటర్లు, నెత్తిన సౌర పలకల పైకప్పు. మే నెల ఎండలో కింద మనిషి చెమట కారుస్తుంటే పైన కరెంటు పుడుతుంది.

దూరాల్లోకి వద్దాం. టామీ గాడ్విన్, ఇంగ్లండ్, 1939. ఒక్క ఏడాదిలో 75,065 మైళ్లు, అంటే 1,20,805 కిలోమీటర్లు. భూమి నడుము చుట్టుకొలత 40,075. మూడు చుట్లు చుట్టి ఇంకా మిగిలింది! సగటున రోజుకు 330 కిలోమీటర్లు, సెలవుల్లేవు. మధ్యలో ప్రపంచయుద్ధం మొదలైంది. బాంబర్ల భయంతో ఊళ్లన్నీ చీకటి చేస్తే, తన దీపానికీ టేపు అంటించి ఆ చీకట్లోనే తొక్కాడు. ఇనుప సైకిలు, నాలుగే గేర్లు. పూర్తి శాకాహారి. ఏడాది అయ్యాక కూడా దిగలేదు, 500 రోజుల్లో లక్ష మైళ్లు పూర్తి చేశాకే దిగాడు. దిగాక నడక మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది లెక్కను దాటడానికి లోకానికి 76 ఏళ్లు పట్టింది. ఇప్పటి రికార్డు అమండా కోకర్‌ది. 2017లో ముగిసిన ఆమె ఏడాదిలో 1,39,326 కిలోమీటర్లు, దాదాపు అంతా ఫ్లోరిడాలోని ఒకే పార్కు చుట్టూ. 2011లో ఆమెను ఒక కారు గుద్దేసింది. పార్కు ఎందుకు ఎంచుకుందో వేరే చెప్పక్కర్లేదు.

ప్రపంచం చుట్టి రావడానికి మార్క్ బోమాంట్‌కు 2017లో పట్టినది 78 రోజుల 14 గంటల 40 నిమిషాలు. రోజుకు 16 గంటలు సీటు మీదే. పక్కనే వ్యాను, వంటవాడు, వైద్యం. ఇప్పుడు దీని పక్కన బొంబాయి పార్సీ కుర్రాళ్లను పెట్టండి. 1923లో ఆరుగురు బయలుదేరారు. 1928లో పూర్తి చేసి తిరిగొచ్చింది ముగ్గురు: అది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా. 71 వేల కిలోమీటర్లు, నాలుగేళ్ల అయిదు నెలలు. ఎడారులు, అడవులు, వ్యానూ లేదు, వంటవాడూ లేడు. వేగంలో ఓడారు, దూరంలో రెండింతలకు పైగా గెలిచారు. నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు.

నిద్ర లేమికి రికార్డు అమెరికాను అడ్డంగా దాటే పందెంలో దొరుకుతుంది. సుమారు 4,800 కిలోమీటర్లు, గడియారం ఆగదు. 2014లో ఆస్ట్రియా వాడు క్రిస్టోఫ్ స్ట్రాసర్ 7 రోజుల 15 గంటల 56 నిమిషాల్లో దాటాడు. ఒంటరిగా దీన్ని పూర్తి చేసిన తొలి భారతీయుడు లెఫ్టినెంట్ కల్నల్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్, 2017లో, పన్నెండు రోజుల లోపే. అయిదుసార్లు గెలిచిన స్లొవేనియా సైనికుడు యూరె రోబిచ్‌కు నిద్రలేక రోడ్డు మీద లేనివి కనిపించేవి. ఇన్ని వేల మైళ్ల భ్రమల్లో ఏమీ కానివాడు, 2010లో సొంత ఊరి దగ్గర కొండ దిగుతూ కారు తగిలి పోయాడు.

పారిస్-బ్రెస్ట్-పారిస్ 1891లో మొదలైంది, టూర్ కన్నా పన్నెండేళ్లు పెద్దది. ఇప్పుడది పందెం కాదు, నాలుగేళ్లకోసారి జరిగే తిరనాళ్ల లాంటిది: 1,200 కిలోమీటర్లు, 90 గంటల గడువు. 200, 300, 400, 600 కిలోమీటర్లు గడువులోపు తొక్కి అర్హత తెచ్చుకోవాలి. హైదరాబాద్‌లో కూడా వాటికోసం చీకట్లో దీపాలు పెట్టుకుని బయలుదేరే బ్యాచీలున్నాయి. అదే 1,200 కిలోమీటర్లు 2020 మే నెల లాక్‌డౌన్‌లో బిహారు అమ్మాయి ఒకతె తొక్కింది. వయసు 15. కాలికి దెబ్బ తగిలిన తండ్రిని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, గురుగ్రామ్ నుంచి దర్భంగా జిల్లాకు, వారం రోజుల్లో, పాత సైకిల్ మీద. అర్హత పరీక్షల్లేవు, పతకం లేదు, గేర్లు లేవు. ఈ పేజీలో ఉన్న రికార్డులన్నిటిలోకీ బరువైనది ఇదే.

పదేళ్ల ఎడం రికార్డు జీనో బార్తాలిది: 1938లో టూర్ గెలిచాడు, మళ్లీ 1948లో. మధ్యలో యుద్ధం. శిక్షణ పేరుతో ఇటలీలో వందల కిలోమీటర్లు తొక్కుతూ, యూదులను కాపాడే దొంగ గుర్తింపు కాగితాలను సైకిల్ గొట్టాల్లో దాచి మోసేవాడు. సైనికులు ఆపితే, సైకిల్ ముట్టుకోవద్దని, అన్నీ వేగం కోసం లెక్కగా బిగించినవని చెప్పేవాడట. అదే ఇటలీలో ఇంకో రికార్డు: మగవాళ్ల ఇటలీ టూర్ తొక్కిన ఒకే ఒక్క ఆడమనిషి ఆల్ఫోన్సినా స్ట్రాడా, 1924. హ్యాండిలు విరిగితే చీపురు కర్ర కట్టుకుని తొక్కింది.

బెరిల్ బర్టన్ గురించి చెప్పకుండా వదిలితే పాపం తగులుతుంది. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో తోటపని చేసుకునే ఇల్లాలు. 1967లో పన్నెండు గంటల పోటీ. మగవాళ్లను ముందు ఒక్కొక్కరినీ పంపించారు, ఆడవాళ్లను వెనక. బెరిల్ ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయింది. ఇక మిగిలింది మైక్ మెక్‌నమారా. అతనూ ఆ రోజు మగవాళ్ల జాతీయ రికార్డు బద్దలు కొడుతున్నాడు పాపం. పక్కకొచ్చింది. ఏమనాలో తోచలేదు. జేబులోంచి అతిమధురం మిఠాయి బిళ్ల ఒకటి తీసి ఇచ్చింది. అతను పుచ్చుకుని నోట్లో వేసుకున్నాడు. ఆమె ముందుకు వెళ్లిపోయింది. పన్నెండు గంటల్లో 277.25 మైళ్లు, 446 కిలోమీటర్లు! మగవాళ్ల రికార్డు కన్నా ఎక్కువ. రెండేళ్ల దాకా ఏ మగవాడూ, యాభై ఏళ్ల దాకా ఏ ఆడమనిషీ దాన్ని అందుకోలేదు. 1996లో, 59వ పుట్టినరోజుకు వారం ముందు, ఆ పండక్కి పిలుపులు పంచడానికి సైకిలెక్కి వెళ్తూ దారిలోనే గుండె ఆగి పోయింది.

ఇక పెద్దాయన. ఫ్రాన్స్ వాడు రోబేర్ మార్షాన్, పుట్టింది 1911లో. ఎత్తు అయిదడుగులు. నిప్పు ఆర్పే పని, చెట్లు కొట్టే పని, ఏదో ఒకటి చేస్తూ బతికి, పనుల నుంచి తప్పుకునే వయసులో మళ్లీ సైకిల్ పట్టాడు. నూరేళ్ల వయసులో 100 కిలోమీటర్లు నాలుగు గంటల 17 నిమిషాల్లో తొక్కాడు. 2017 జనవరిలో, 105 ఏళ్ల వయసున, పారిస్ దగ్గరి ట్రాకు మీద గంటసేపు ఆగకుండా తొక్కి 22.547 కిలోమీటర్లు పోయాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ముసలాయన మొహం మాడ్చుకుని దిగాడు. ఇంకా పది నిమిషాలే ఉందని చూపించిన పలక తనకు కనపడలేదట. కనపడి ఉంటే ఇంకా గట్టిగా తొక్కేవాణ్నని విలేకరుల దగ్గర సణిగాడు.